ల్యాప్‌టాప్ స్పీకర్లలో చిటపట ధ్వని: దోషస్థాన నిర్ధారణ, సవరణ పద్ధతులు

వ్యాససంగ్రహం:

ల్యాప్‌టాప్‌లో పాటనో, ప్రసంగాన్నో, క్షేత్రపర్యటనలో సేకరించిన కథాగానాన్నో వింటున్నప్పుడు స్పీకర్ల నుంచి చిటపట, గరగర ధ్వనులు రావడం చాలామందికి అనుభవమే. ఈ ధ్వనులకు కారణం ఒక్కటే కాదు. ధ్వనిముద్రణలోని లోపం, సాఫ్ట్‌వేర్ జాప్యం, విద్యుత్ సంబంధమైన అంతరాయం, స్పీకరు యాంత్రిక దోషం అనే నాలుగు వేరువేరు కారణాలు దాదాపు ఒకే రకంగా చెవికి వినిపిస్తాయి. కారణాన్ని తేల్చుకోకుండా చేసే సవరణ వల్ల డబ్బు, సమయం వృథా కావడమే కాక, మౌఖికసాహిత్య పరిశోధకుల విషయంలో మూలధ్వనికే హాని కలుగుతుంది. ధ్వని ఫైలు నుంచి చెవి వరకు సాగే మార్గాన్ని వివరించి, దోషం ఆ మార్గంలో ఎక్కడ ఉందో ఇంట్లోనే గుర్తించగల పరీక్షలను, వాటి ఫలితాలకు తగిన సవరణలను క్రమంగా తెలియజేయడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ల్యాప్‌టాప్, స్పీకరు, చిటపట ధ్వని, బఫర్, డ్రైవర్, క్లిప్పింగ్, క్షేత్రధ్వనిముద్రణ, మౌఖికసాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

మౌఖికసాహిత్యం, జానపదకళలు, మాండలికాలు, సంగీతం మొదలైన రంగాలలో పరిశోధన చేసేవారికి ధ్వనిముద్రణే మూలప్రతి. తాళపత్రప్రతిలో ఒక అక్షరం చెదిరినట్లు కనిపిస్తే పరిష్కర్త వెంటనే దానిని దిద్దడు. చెదిరింది ప్రతిలోనా, తన కళ్ళద్దాలలోనా అని ముందు చూసుకుంటాడు. ఆ తరువాతే ప్రత్యంతరాలను వెతుకుతాడు. ధ్వనిముద్రణల విషయంలో ఈ జాగ్రత్త మనలో ఇంకా అలవాటుగా స్థిరపడలేదు. స్పీకరులో వినిపించిన దోషాన్ని ముద్రణలోని దోషంగా భావించడం సర్వసాధారణమైపోయింది.

ఈ వ్యాసానికి ప్రేరణ అలాంటి పొరపాటే. కొన్నేళ్ళ కిందట ఈ వ్యాసకర్త ఒక బుర్రకథ క్యాసెట్టును కంప్యూటరులోకి మార్చుకొని ల్యాప్‌టాప్‌లో విన్నప్పుడు కథ పొడవునా చిటపట వినిపించింది. క్యాసెట్టు పాతబడిందన్న నమ్మకంతో, చిటపటలను తొలగించే సాఫ్ట్‌వేర్ సదుపాయాన్ని మొత్తం ఫైలుపై ప్రయోగించి, అదే పేరుతో భద్రపరచడం జరిగింది. ఆ తరువాత కూడా చిటపట పోలేదు. వేరే పాటలు పెట్టినా అలాగే వినిపించింది. దోషం ల్యాప్‌టాప్‌దేనని అప్పుడు అర్థమైంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వింటే మరో సంగతి బయటపడింది. కథకుడి వేళ్ళకున్న అందెల మోత మొద్దుబారిపోయింది. సాఫ్ట్‌వేర్ ఆ గలగలలను కూడా చిటపటలుగానే లెక్కించి అణచివేసింది. క్యాసెట్టును అప్పటికే సొంతదారులకు తిరిగి ఇచ్చాము. మళ్ళీ అడిగేనాటికి టేపు బూజుపట్టి పనికిరాకుండా పోయింది.

ఒక చిన్న పరీక్ష ముందుగా చేసివుంటే ఆ నష్టం తప్పేది. అటువంటి పరీక్షలను, వాటి వెనుకనున్న కారణాలతో సహా కింది విభాగాలలో పరిశీలిద్దాం.

2. చిటపటలోని భేదాలు:

"స్పీకరు సరిగా లేదు" అనే ఒక్క మాటతో చెప్పే ధ్వనులను శ్రద్ధగా వింటే నాలుగు విధాలుగా విభజించవచ్చు.

అ) విడివిడి టిక్కులు: నూనెలో ఆవాలు చిటపటలాడినట్లు, ఒకదానికొకటి సంబంధం లేకుండా వినిపించేవి. ఇవి ఎక్కువగా సాఫ్ట్‌వేర్ జాప్యం వల్ల వస్తాయి.

ఆ) గరగర: గొంతు హెచ్చినప్పుడు, వాద్యాలు ఒక్కసారిగా మోగినప్పుడు ధ్వని గరుకుగా మారడం. ధ్వనితరంగపు శిఖరాలు తెగిపోవడం దీనికి ప్రధానకారణం.

ఇ) బుర్రుమనే అదురు: కొన్ని స్వరాల వద్ద మాత్రమే, ముఖ్యంగా మంద్రస్థాయిలో, కాగితం కొట్టుకున్నట్లు వినిపించేది. ఇది యాంత్రిక దోషానికి సూచన.

ఈ) ఎడతెగని జుమ్మనే మోత: పాట ఆపినా వినిపిస్తూ ఉండేది. ఇది విద్యుత్ సరఫరాకు సంబంధించినది.

ఈ విభజన దిక్కు చూపడానికే ఉపయోగపడుతుంది. వదులైన తీగ కూడా ఆవాల చిటపటను పోలిన ధ్వని చేయగలదు. కాబట్టి చెవి చెప్పినదాన్ని పరీక్షతో నిర్ధారించుకోవాలి. అందుకు ధ్వని నడిచే మార్గం తెలియాలి.

3. ఫైలు నుంచి చెవి వరకు:

3.1. నమూనాలు, బఫర్:

కంప్యూటరులో ధ్వని అంకెల వరుసగా ఉంటుంది. తరంగపు ఎత్తును సెకనుకు వేలసార్లు కొలిచి, ఆ కొలతలను భద్రపరుస్తారు. ఒక్కొక్క కొలతను నమూనా అంటారు. సీడీలలో సెకనుకు 44,100 నమూనాలు, వీడియోలలో సాధారణంగా 48,000 నమూనాలు ఉంటాయి. 16 బిట్ల ముద్రణలో ఒక్కొక్క నమూనా 65,536 స్థాయిలలో ఏదో ఒకటి అవుతుంది.

ఈ అంకెలు ధ్వనిగా మారే చోటికి ఒక్క క్షణమైనా తెంపులేకుండా చేరాలి. ప్రాసెసర్ మాత్రం ఒకే పని మీద కూర్చోదు. బ్రౌజరు, వైఫై, యాంటీవైరస్ మొదలైన వాటన్నిటి మధ్య తన కాలాన్ని పంచుతుంది. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది బఫర్ అనే తాత్కాలిక నిల్వస్థానం. దీనిని మేడమీది నీళ్ళ ట్యాంకుతో పోల్చవచ్చు. మోటారు అప్పుడప్పుడు మాత్రమే నడిచినా కుళాయి ధార ఆగదు. మోటారు మరీ ఆలస్యమై ట్యాంకు ఖాళీ అయితే కుళాయి గాలిని చిమ్ముతూ చిటపటలాడుతుంది. స్పీకరులో జరిగేదీ అదే.

విండోస్ ధ్వనివ్యవస్థ సాధారణంగా 10 మిల్లీసెకన్ల విడతలుగా పనిచేస్తుంది. 48,000 నమూనాల వేగంలో ఒక విడత అంటే 480 నమూనాలు. ఒక్క విడత వేళకు అందకపోయినా తరంగం ఉన్నచోటి నుంచి హఠాత్తుగా సున్నాకో, పాత నమూనాకో దూకుతుంది. నునుపుగా సాగే తరంగంలో కొన్ని పౌనఃపున్యాలే ఉంటాయి. నిట్టనిలువు గెంతులో దాదాపు అన్ని పౌనఃపున్యాలూ ఉంటాయి. అందుకే లోపించింది సెకనులో నూరోవంతే అయినా చెవికి స్పష్టమైన టిక్కుగా తగులుతుంది.

3.2. కోడెక్, యాంప్లిఫయర్:

అంకెలను విద్యుత్ సంకేతంగా మార్చే చిప్‌ను కోడెక్ అంటారు. దానిని నడిపించే సాఫ్ట్‌వేరే ఆడియో డ్రైవర్. కోడెక్ ఇచ్చే బలహీన సంకేతాన్ని యాంప్లిఫయర్ పెంచి స్పీకరుకు పంపుతుంది. సంకేతం మోతాదు మించితే ఈ దశలోనూ, అంతకుముందు అంకెల దశలోనూ తరంగశిఖరాలు తెగుతాయి. 16 బిట్ల ముద్రణలో అత్యధిక విలువ 32,767. ఒక నమూనా విలువ 30,000 ఉన్నప్పుడు వాల్యూమ్‌ను రెట్టింపు చేస్తే అది 60,000 కావాలి. కానీ అందుకు చోటు లేదు. కాబట్టి 32,767 దగ్గరే ఆగిపోతుంది. గుండ్రని శిఖరం కొండమీది చదునునేలలా మారుతుంది. దీనినే క్లిప్పింగ్ అంటారు. చదునైన ఆ శిఖరం మూలంలో లేని కొత్త పౌనఃపున్యాలను పుట్టిస్తుంది. అవే గరగరగా వినిపిస్తాయి.

3.3. స్పీకరు:

చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో వివరించిన స్పీకరు నిర్మాణసూత్రమే సాధారణంగా ఇప్పటికీ ల్యాప్‌టాప్‌లలో పనిచేస్తోంది. అయస్కాంతపు సందులో ఒక తీగచుట్ట ఉంటుంది. విద్యుత్ ప్రవహించినప్పుడు చుట్ట ముందుకూ వెనుకకూ కదులుతుంది. దానికి అతికిన పలుచని పొర గాలిని కదిలిస్తుంది.

ల్యాప్‌టాప్ స్పీకరులో ఆ పొరకు కదిలే చోటు బహుస్వల్పం. మంద్రధ్వనులకు మాత్రం ఎక్కువ కదలిక కావాలి. ఒకే స్పీకరు అంతే బిగ్గరగా మోగాలంటే, పౌనఃపున్యం సగమైనప్పుడు పొర నాలుగింతలు కదలాలి. 400 హెర్ట్జ్ నుంచి 100 హెర్ట్జ్‌కు దిగితే పదహారింతలు కదలాలి. బుర్రకథలోని గుమ్మెటలు, డప్పు, మృదంగపు ఎడమ మూత మోగినప్పుడు చిన్న స్పీకరు అదరడానికి కారణం ఇదే. ఇక్కడ ముద్రణలో తప్పు లేదు. మోయలేని బరువును స్పీకరు మీద పెట్టడమే తప్పు.

4. దోషస్థానాన్ని గుర్తించే పరీక్షలు:

4.1. మొదటి రెండు ప్రశ్నలు:

చిటపట వినిపించిన చోట నిమిషం, సెకను రాసుకొని, అదే భాగాన్ని అదే వాల్యూమ్‌లో మూడుసార్లు వినాలి. ప్రతిసారీ ఒకేచోట వస్తున్నదా, చోటు మారుతున్నదా అనేది మొదటి ప్రశ్న. తరువాత తీగ ఉన్న ఇయర్‌ఫోన్లతో అదే భాగం వినాలి. వాటిలోనూ వస్తున్నదా అనేది రెండో ప్రశ్న. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఈ పరీక్షకు పనికిరావు. అవి ధ్వనిని మళ్ళీ కుదించి రేడియోతరంగాలతో అందుకుంటాయి కాబట్టి వాటి దోషాలు వాటికి వేరే ఉంటాయి. యూఎస్‌బీ ఇయర్‌ఫోన్లకు సొంత కోడెక్ ఉంటుంది. కాబట్టి వాటిలో ధ్వని బాగుంటే దోషం స్పీకరులోనే ఉందని చెప్పలేము, ల్యాప్‌టాప్ కోడెక్‌లో కూడా ఉండవచ్చు.

ఈ రెండు ప్రశ్నల సమాధానాలు కలిస్తే నాలుగు ఫలితాలు వస్తాయి.

క) ఒకేచోట వస్తుంది, ఇయర్‌ఫోన్లలోనూ వస్తుంది: దోషం ఫైలులో ఉంది, లేదా వాల్యూమ్ మితిమీరి అంకెల దశలోనే క్లిప్పింగ్ జరుగుతోంది.

ఖ) ఒకేచోట వస్తుంది, స్పీకరులో మాత్రమే వస్తుంది: ఆ స్వరాన్నో, ఆ బిగ్గరతనాన్నో స్పీకరు తట్టుకోలేకపోతోంది. పొర చిరగడం, దుమ్ము చేరడం, మర వదులుకావడం వంటివి కారణాలు కావచ్చు.

గ) చోటు మారుతుంది, ఇయర్‌ఫోన్లలోనూ వస్తుంది: సాఫ్ట్‌వేర్ జాప్యం, డ్రైవర్ దోషం, లేదా విద్యుత్ అంతరాయం.

ఘ) చోటు మారుతుంది, స్పీకరులో మాత్రమే వస్తుంది: స్పీకరు తీగ, దాని కనెక్టరు, లేదా యాంప్లిఫయర్ భాగం వదులై ఉండవచ్చు.

ఒకేచోట వచ్చినంతమాత్రాన దోషం ఫైలుదే అనుకోరాదన్నది ఇక్కడ ముఖ్యంగా గమనించాలి. అదే గుమ్మెట దెబ్బ ప్రతిసారీ అదే చోట పడుతుంది కనుక స్పీకరు అదురు కూడా ప్రతిసారీ అక్కడే వస్తుంది. రెండో ప్రశ్న లేకుండా మొదటి ప్రశ్న మనలను మోసగిస్తుంది.

4.2. వాల్యూమ్ పరీక్ష:

చాలా ల్యాప్‌టాప్‌లలో ధ్వనిని రెండుచోట్ల హెచ్చించవచ్చు. ఒకటి పాటను వినిపించే ప్లేయర్‌లో, రెండోది మొత్తం కంప్యూటరుకు సంబంధించిన సెట్టింగులో ఉంటుంది. ముందు కంప్యూటరు వాల్యూమ్ ఒక్కటే సగానికి తగ్గించాలి. గరగర పోతే యాంప్లిఫయరో, స్పీకరో భారాన్ని మోయలేకపోతోందని అర్థం. ధ్వని చిన్నదైనా గరగర అలాగే ఉంటే క్లిప్పింగ్ అంతకుముందే జరిగిపోయింది. అప్పుడు ప్లేయర్ వాల్యూమ్ తగ్గించాలి. దానితో పోతే దోషం ప్లేయర్‌లో పెంచిన మోతాదుది. దానితోనూ పోకపోతే ముద్రణలోనే క్లిప్పింగ్ ఉండే అవకాశం హెచ్చు.

వీఎల్‌సీ ప్లేయర్‌లో వాల్యూమ్ 100 శాతాన్ని దాటి 125 శాతం వరకు పోతుంది. ఉబుంటులోనూ 100 శాతం దాటి పెంచుకొనే ఏర్పాటు ఉంది. చిన్నగా ముద్రితమైన ధ్వనులకు ఇవి ఉపయోగమే కాని, సాధారణ ముద్రణలకు వీటిని వాడితే క్లిప్పింగ్‌ను మనమే పిలిచినట్లు.

4.3. ఛార్జరు పరీక్ష:

ఛార్జరు తీసివేసి, పెట్టి, రెండు స్థితులలోనూ వినాలి. ఛార్జరు పెట్టినప్పుడు మాత్రమే మోత వస్తే అది విద్యుత్ అంతరాయం. ఛార్జరు తీసినప్పుడు మాత్రమే చిటపట వస్తే కారణం చాలావరకు విద్యుత్ పొదుపు ఏర్పాటు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గి, బఫర్‌ను వేళకు నింపలేకపోతుంది.

4.4. జారుస్వరం పరీక్ష:

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకే పౌనఃపున్యం గల స్వరాన్ని గాని, కింది నుంచి పైకి క్రమంగా జారే స్వరాన్ని గాని సృష్టించుకోవచ్చు. 100 నుంచి 2,000 హెర్ట్జ్ వరకు జారే స్వరాన్ని తక్కువ వాల్యూమ్‌లో వినాలి. ఏదో ఒక పౌనఃపున్యం వద్ద మాత్రమే అదురు పుట్టి, దాన్ని దాటగానే తగ్గితే అది యాంత్రిక దోషం. ప్రతి వస్తువుకూ తాను సహజంగా కంపించే పౌనఃపున్యం ఉంటుంది. వదులైన మరో, పెట్టె అంచో ఆ స్వరం తగిలినప్పుడు మోగుతుంది. పౌనఃపున్యంతో నిమిత్తం లేకుండా ఎక్కడపడితే అక్కడ టిక్కులు వస్తే దోషం సాఫ్ట్‌వేర్ వైపు ఉంది. ఈ పరీక్షను బిగ్గరగా చేయరాదు. ఎడతెగని స్వరం చిన్న స్పీకరు తీగచుట్టను వేడెక్కిస్తుంది.

4.5. మరొక వ్యవస్థతో పరీక్ష:

ఇంకా సందేహం మిగిలితే, పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్‌తో కంప్యూటరును తెరిచి అదే ఫైలు వినాలి. దీనికి లోపలి డిస్కులో ఏమీ స్థాపించనవసరం లేదు. అక్కడ ధ్వని నిర్మలంగా ఉంటే యంత్రభాగాలు బాగున్నట్లే. అక్కడా చిటపట అలాగే ఉంటే దోషం యంత్రభాగాలలో ఉండే అవకాశం ఎక్కువ. మరమ్మతుకు డబ్బు పెట్టేముందు చేయదగిన చివరి పరీక్ష ఇది.

5. సాఫ్ట్‌వేర్ దోషాల సవరణ:

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. చేసినదాన్ని రాసుకొని మళ్ళీ అదే భాగం వినాలి. నాలుగు మార్పులు ఒక్కసారే చేస్తే దోషం పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. మళ్ళీ వచ్చినప్పుడు కథ మొదటికి వస్తుంది.

మొదట కంప్యూటరును రీస్టార్ట్ చేసి, బ్రౌజరు మొదలైనవాటిని మూసి వినాలి. తరువాత విండోస్ సౌండ్ సెట్టింగులలోని ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్‌ను ఆపివేయాలి. ధ్వనిని మెరుగుపరచే పేరుతో ఇవి మంద్రస్థాయిని పెంచుతాయి, చిన్నధ్వనులను బిగ్గరగా చేస్తాయి. చిన్న స్పీకరు మోయలేనిది సరిగ్గా ఆ అదనపు భారమే. పైగా ప్రాసెసర్‌కు ఇదొక అదనపు పని. ఈ ఒక్క మార్పుతోనే సమస్య తీరిపోయిన సందర్భాలు తక్కువ కాదు.

ఆ తరువాత నమూనాల వేగం చూడాలి. ఫైలు 44,100 నమూనాలది, వ్యవస్థ 48,000 నమూనాలది అయితే ప్రతి 147 నమూనాల నుంచి 160 నమూనాలను లెక్కగట్టవలసి వస్తుంది. సక్రమమైన సాఫ్ట్‌వేర్‌కు ఇది కష్టం కాదు. డ్రైవర్‌లో లోపమున్నప్పుడు మాత్రం ఇక్కడ టిక్కులు పుడతాయి. స్పీకరు ప్రాపర్టీస్‌లోని డిఫాల్ట్ ఫార్మాట్‌ను మార్చి చూస్తే తేడా తెలుస్తుంది.

డ్రైవర్ వంతు దీని తరువాతది. విండోస్ అప్‌డేట్ తరువాతే చిటపట మొదలైతే డివైస్ మేనేజర్‌లోని రోల్ బ్యాక్ డ్రైవర్ ద్వారా పాతదానికి వెళ్ళవచ్చు. లేదా ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైటులో ఆ మోడల్‌కు ఉద్దేశించిన డ్రైవర్‌ను తెచ్చుకోవచ్చు. ఇవి రెండూ ఫలించకపోతే విండోస్‌తో వచ్చే హై డెఫినిషన్ ఆడియో డివైస్ అనే సాధారణ డ్రైవర్‌ను ఎంచుకొని చూడవచ్చు. కొన్ని మోడళ్ళలో దీనితో ధ్వని కాస్త పలుచగా వినిపిస్తుంది. దోషస్థానం తెలుసుకోవడానికి అది అడ్డంకి కాదు.

ఆడియో డ్రైవర్ నిర్దోషమైనా చిటపట రావచ్చు. వైఫై, గ్రాఫిక్స్, బ్యాటరీ నిర్వహణ వంటి వేరే డ్రైవర్లు ప్రాసెసర్‌ను కొద్దిసేపు తమవద్దే నిలుపుకుంటే బఫర్ ఖాళీ అవుతుంది. వైఫైని ఆపి వినడం దీనికి సులభమైన పరీక్ష. లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ ఏ డ్రైవర్ ఎంత జాప్యం చేస్తున్నదో పేరుతో సహా చూపుతుంది. అప్పుడు ఆడియో డ్రైవర్‌ను కాక ఆ డ్రైవర్‌ను సరిచేయాలి. బ్యాటరీ మీద మాత్రమే దోషం వస్తే పవర్ మోడ్‌ను పొదుపు వైపు నుంచి అధిక పనితీరు వైపు మార్చాలి.

ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేర్‌లలో బఫర్ పరిమాణాన్ని మనమే నిర్ణయించవచ్చు. పెద్ద ట్యాంకుకు ఓర్పు ఎక్కువ. అయితే నీరు కుళాయికి చేరడానికి ఆలస్యమవుతుంది. వినడానికి మాత్రమే అయితే ఆ ఆలస్యం బాధించదు. తన గొంతును తానే ఇయర్‌ఫోన్లలో వింటూ పాడే గాయకుడికి మాత్రం అది ఇబ్బంది. లినక్స్‌లోని పైప్‌వైర్‌లోనూ ఈ పరిమాణాన్ని మార్చుకోవచ్చు.

పాట మొదలయ్యే ముందు, ఆగిన కొన్ని క్షణాలకు మాత్రమే టప్ అనే శబ్దం వస్తే భయపడనవసరం లేదు. కోడెక్ విద్యుత్ పొదుపుకోసం నిద్రపోయి మేల్కొనే చప్పుడు అది. ఆ ఏర్పాటును ఆపివేయడం సాధ్యమైన చోట ఆపితే పోతుంది.

6. విద్యుత్ సంబంధమైన దోషాలు:

మన దేశంలో గృహవిద్యుత్తు 50 హెర్ట్జ్‌లది. దాని ప్రభావం ధ్వనిమార్గంలోకి చొరబడితే 50 లేదా 100 హెర్ట్జ్‌ల మోతగా వినిపిస్తుంది. ల్యాప్‌టాప్ సొంత స్పీకర్ల కంటే ఇయర్‌ఫోన్లలో, బయట కలిపే పెద్ద స్పీకర్లలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. మూడుపిన్నుల ఛార్జరును రెండుపిన్నుల సాకెట్టులో పెట్టేందుకు అడాప్టర్ వాడటం, ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడం తరచుగా కనిపించే కారణాలు. మూడోపిన్నును విరిచివేసి వాడటం ప్రాణాపాయం. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించడమే సరైన మార్గం. ధ్వనిని బయటికి ముద్రించుకోవలసిన ముఖ్యమైన పని ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం క్షేమకరం.

7. యాంత్రిక దోషాలు:

స్పీకరులో అయస్కాంతం ఉంటుంది కనుక ఇనుపరజను, స్టేప్లర్ పిన్నులు, గుండుసూదులు జాలీకి అతుక్కుంటాయి. సన్నని రజను జాలీలోంచి లోపలికి పోయి పొరమీద చేరితే ప్రతి కంపనంతోనూ గరగరలాడుతుంది. జాలీని మెత్తని పొడి బ్రష్‌తో తుడవాలి. సూదితో పొడవడం, నోటితో గట్టిగా ఊదడం, వాక్యూమ్ క్లీనర్ వాడటం పలుచని పొరకు హానికరం. సముద్రతీరప్రాంతాల్లో ఉప్పుగాలి, తేమ వల్ల కనెక్టర్లు చిలుము పట్టే అవకాశం ఎక్కువ.

ల్యాప్‌టాప్ అడుగుభాగాన్ని ఒకచోట మృదువుగా చేత్తో పట్టుకున్నప్పుడు అదురు ఆగిపోతే మర వదులైందని గాని, పెట్టె అంచు విడిందని గాని భావించవచ్చు. అయితే దీనికి మరో కారణం ఉండవచ్చు. అది ప్రమాదకరమైనది. బ్యాటరీ ఉబ్బినప్పుడు కూడా పెట్టె విడిపోయి, స్పీకరు తన చోటునుంచి కదిలి అదురుతుంది. టచ్‌ప్యాడ్ పైకి లేవడం, మూత సరిగా పడకపోవడం, బల్లమీద ల్యాప్‌టాప్ ఊగడం దీని గుర్తులు. ఇవి కనిపిస్తే కంప్యూటరును ఆపి, ఛార్జింగ్ మానివేయాలి. అదమరాదు, గుచ్చరాదు. వెంటనే సర్వీసు నిపుణుడికి చూపాలి. స్పీకరు దోషమని వాయిదా వేయదగిన విషయం కాదిది.

చిరిగిన పొరను జిగురుతో అతికినా ధ్వని మునుపటిలా రాదు. స్పీకరును మార్చడమే మేలు. ఒక్కటే పాడైనా, కుడి ఎడమల ధ్వని ఒకే తీరుగా ఉండటానికి సాధారణంగా జతగా మారుస్తారు. మార్చేవరకు ఇయర్‌ఫోన్లతో వింటే పనికి అంతరాయం ఉండదు.

8. దోషం ముద్రణలోనే ఉన్నప్పుడు:

పై పరీక్షలన్నీ ఫైలునే వేలెత్తి చూపితే ఆడాసిటీలో తరంగచిత్రాన్ని పెద్దదిగా చేసి చూడాలి. శిఖరాలు చదునుగా తెగివుంటే ముద్రించేటప్పుడు మైకు మోతాదు మించిందని అర్థం. తరంగం మధ్యలో నిట్టనిలువు గెంతో, కొద్దిపాటి సున్నాగీతో కనిపిస్తే ముద్రించిన పరికరంలోనే బఫర్ తప్పిందని అర్థం. మొదటిదాన్ని పూర్తిగా సరిచేయలేము. రెండోదానిలో పోయిన నమూనాలు తిరిగి రావు.

భాషాశాస్త్ర దృష్టితో ఇది చిన్న సంగతి కాదు. క, ట, ప వంటి స్పర్శధ్వనులు విడుదలయ్యే క్షణం కొన్ని మిల్లీసెకన్లదే. 10 మిల్లీసెకన్ల లోపం ఒక స్పర్శాన్ని మింగివేయగలదు. చిటపటలను తొలగించే సదుపాయాన్ని ఫైలంతటా నడిపితే అది కూడా అదే పని చేస్తుంది. హఠాత్తుగా లేచి పడే ప్రతి తరంగమూ దానికి టిక్కులాగే కనిపిస్తుంది. స్పర్శపు విడుదల, అందెల గలగల, తాళపు మోత దానికి ఒక్కటే. కాబట్టి అవసరమైన చోట, అవసరమైనంత మేరకే, అదీ నకలు మీదనే దానిని వాడాలి.

అంతర్జాతీయ ధ్వని, దృశ్యశ్రవణ భాండాగారాల సంఘం మార్గదర్శకాలు, పాత ముద్రణలను డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు కనీసం 48,000 హెర్ట్జ్, 24 బిట్ల ప్రమాణాన్ని సూచిస్తున్నాయి. భద్రపరచే ప్రతిని ఏ విధమైన శుద్ధీ చేయకుండా ఉన్నదున్నట్లు నిలపాలన్నది ఆ మార్గదర్శకాల మూలసూత్రం. మన తాళపత్ర పరిష్కర్తలు మాతృకను దిద్దకుండా, పాఠాన్ని వేరుగా రాసుకొన్న సంప్రదాయమూ ఇదే.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. చిటపట ధ్వని ఒక లక్షణం మాత్రమే. దాని మూలం ఫైలులో, సాఫ్ట్‌వేర్‌లో, విద్యుత్ సరఫరాలో, స్పీకరులో ఎక్కడైనా ఉండవచ్చు.

2. "ఒకేచోట వస్తున్నదా? ఇయర్‌ఫోన్లలోనూ వస్తున్నదా?" అనే రెండు ప్రశ్నలను కలిపి వేసుకుంటే దోషస్థానం చాలావరకు తేలుతుంది. ఏ ఒక్కదానిమీదా ఆధారపడరాదు.

3. సాఫ్ట్‌వేర్ దోషాలకు మార్పులు ఒక్కొక్కటిగా చేయాలి. ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపడం, డ్రైవర్ మార్చడం, జాప్యకారణమైన డ్రైవర్‌ను గుర్తించడం వాటిలో ముఖ్యమైనవి.

4. అదురుతో పాటు పెట్టె విడిపోతే బ్యాటరీని ముందుగా అనుమానించాలి.

5. దోషం ఎక్కడుందో తేలకముందు ఫైలును శుద్ధి చేయరాదు. శుద్ధి చేసినా మూలప్రతి వేరుగా నిలవాలి.

స్పీకరు పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. డ్రైవర్ పాడైతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. పాడినవారు లేని పాటకు మాత్రం ఉన్న ఫైలే ఆధారం. కాబట్టి ఇకమీదట ల్యాప్‌టాప్‌లో చిటపట వినిపించినప్పుడు పరిశోధకుడు ముందుగా ఇయర్‌ఫోన్లను అందుకోవాలి, శుద్ధి చేసే సాఫ్ట్‌వేర్‌ను కాదు.